పదిహేను దాటితే ముసలిది, యాభై దాటితే వారసత్వం. మరి మధ్యలో?

పెళ్ళి సంబంధాల్లో చెప్పుకోకూడని విషయాల జాబితా ఒకటి మా ఇంట్లో ఉంది. అందులో ఇప్పుడు మొదటి స్థానం నా టాటామొబైల్‌ది. "అబ్బాయి సాఫ్ట్‌వేరు, గచ్చిబౌలిలో ఫ్లాటు" అని మొదలుపెట్టిన మా పిన్ని "కారుందా?" అన్న ప్రశ్న రాగానే గొంతు తగ్గించేస్తుంది. ఉన్నది కారు కాదు మరి. పసుపు రంగు నంబరు ప్లేటున్న 1997 మోడల్ పికప్. ముందు ఇద్దరు కూర్చోవచ్చు, వెనక తొట్టి. మా అపార్టుమెంటు వాచ్‌మన్ దాన్ని "ట్రాలీ" అంటాడు, ఆఫీసులో "డీసీఎం" అంటారు.

ఈ డీసీఎం కథ భలే ఉంటుంది. 1980లలో కేంద్రం చిన్న లారీల తయారీకి జపాన్ కంపెనీలను రానిచ్చినప్పుడు ఒకేసారి నాలుగు జోడీలు దిగాయి. డీసీఎం-టయోటా, స్వరాజ్-మజ్దా, ఐషర్-మిత్సుబిషి, నాలుగోది మన అల్విన్-నిస్సాన్. ఫ్రిజ్‌లూ, వాచీలూ, ఆర్టీసీ బస్సుల బాడీలూ చేసిన మన హైదరాబాద్ అల్విన్ జహీరాబాద్‌లో లారీలు కూడా చేసిందని చెబితే మా టీములో సగం మంది నమ్మలేదు. ఆ ఫ్యాక్టరీ తర్వాత మహీంద్రా చేతికి వెళ్ళింది. డీసీఎం-టయోటా అయితే పదేళ్ళు తిరక్కుండానే దేవూ చేతుల్లోకి పోయి కార్ల కంపెనీగా మారింది. కంపెనీ పోయినా తెలంగాణలో ఏ కంపెనీ మధ్యరకం లారీ అయినా ఇప్పటికీ డీసీఎమ్మే. "డీసీఎం బోల్తా" అని పేపర్లో వచ్చిందంటే బోల్తా పడింది ఐషరో టాటానో అయి ఉంటుంది. అబిడ్స్ సంగతీ అంతే కదా. ఆరో నిజాం దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ అక్కడ షాపు పెట్టాడు. షాపు ఎప్పుడో పోయింది, పేరు మాత్రం ఊళ్ళో సగం బస్సుల బోర్డుల మీద మిగిలిపోయింది.

సరే, అసలు విషయానికొస్తాను. నాంపల్లిలో ఒక షాపాయన ఇరవై ఏళ్ళకు పైగా సరుకు తోలుకున్న బండి ఇది. ఏటా జనవరిలో నుమాయిష్‌కి స్టాలు సామాన్లు కూడా ఇందులోనే వెళ్ళేవిట. ఎనభై ఐదు వేలకి ఇచ్చాడు. "ఆ డబ్బులకి ఇంకొంత కలిపితే సెకండ్‌హ్యాండ్ స్విఫ్ట్ వచ్చేది కదా" అన్నవాళ్ళకి నేను చెప్పే జవాబు ఒక్కటే. స్విఫ్ట్ బానెట్ ఎత్తితే నాకు కనబడేది ఒక ప్లాస్టిక్ మూత. ఈ బండి బానెట్ ఎత్తితే ఇంజను కనిపిస్తుంది, ఇంజను పక్కనించి కింద నేల కూడా కనిపిస్తుంది. రోజంతా నేను చూసే వ్యవస్థలో ఏ ముక్క ఎక్కడ నడుస్తోందో అది రాసినవాడికే తెలీదు. ఒక్క యంత్రమైనా మొదట్నించి చివరిదాకా అర్థం చేసుకోవాలనిపించింది. మెకానికల్ చదవాల్సినవాణ్ణి కంప్యూటర్స్ చదివితే వచ్చే జబ్బులు ఇవి :)

టాటామొబైల్‌ని ఎంచుకోవడానికి వేరే లెక్క కూడా ఉంది. 1988లో టెల్కో, అంటే ఇప్పటి టాటా మోటార్స్, దీన్ని తెచ్చింది. దీని పునాది మీదే 1991లో సియెర్రా, తర్వాత ఎస్టేట్, 1994లో సుమో వచ్చాయి. సుమో అంటే తెలుగువాడికి వేరే చెప్పాలా? ఫ్యాక్షన్ సినిమాల్లో ఎన్ని గాల్లోకి లేచాయో, రాయలసీమ నించి కోనసీమ దాకా అంతకన్నా ఎక్కువ రోడ్డు మీద నడిచాయి. తొలినాళ్ళ సుమోలో ఉన్నది ఈ 1948 సీసీ డీజిల్ ఇంజనే. అంచేత పిస్టన్లూ, గ్యాస్కెట్లూ, గేరుబాక్సు సామాన్లూ ఇంకా దొరుకుతున్నాయి. అల్విన్-నిస్సాన్ కొనాలని మనసులో ఎంతున్నా, దాని విడిభాగాల కోసం తిరగడానికి నాకు ఇంకో జన్మ కావాలి.

కొనేవాళ్ళెవరైనా ఉంటే ఒకటి చెప్తాను. పాత బండి కొనడమంటే ముందు కాగితాలు కొనడం. ఇనుము తర్వాత. ఆర్సీలో ఉన్న ఛాసిస్ నంబరు ఫ్రేము మీద గీతలు పడకుండా, మళ్ళీ కొట్టినట్టు లేకుండా కనిపించాలి. ఎప్పుడో 1997లో తీసుకున్న ఫైనాన్సు ఆర్సీ మీద ఇంకా అలాగే ఉండొచ్చు. ఆ ఫైనాన్సు కంపెనీ ఈ లోపల మూతపడి ఉండొచ్చు కూడా. అప్పుడు ఫారం 35 మీద సంతకం పెట్టే నాథుడు దొరకడు. అది తెగందే 29, 30 ఫారాలు నింపి లాభం లేదు. బండి ఎంత ముద్దొచ్చినా సరే, అక్కణ్ణించి లేచి వచ్చెయ్యాలి.

ఇంకో రెండు విషయాల్లో జనానికి అనవసరమైన భయం ఉంది. పసుపు ప్లేటు బండి అంటే పర్మిట్ కావాలేమో అంటారు. మొత్తం బరువు 3,000 కిలోలు మించని సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదని మోటారు వాహనాల చట్టం 66వ సెక్షనే చెబుతోంది. నా ఆర్సీలో ఉన్నది అంతకన్నా తక్కువే. అలాగే మన మామూలు కారు లైసెన్సుతో దీన్ని నడపొచ్చా అన్నది. ఏడున్నర టన్నుల లోపు రవాణా బండిని ఎల్‌ఎంవీ లైసెన్సుతో నడపొచ్చని 2017లో సుప్రీంకోర్టు అంది. ఇన్సూరెన్సు కంపెనీలు ఒప్పుకోక మళ్ళీ వెళితే, 2024 నవంబరులో అయిదుగురు జడ్జీల ధర్మాసనం అదే మాట ఖాయం చేసింది. కాబట్టి ధైర్యంగా నడపండి. ఏటేటా ఫిట్‌నెస్ మాత్రం తప్పదు.

ఇక ఇనుము. నాంపల్లి స్టేషన్ వెనక సందుల్లో ఒక ఉస్తాద్ దగ్గర ఈ బండి నాలుగు నెలలుంది. ఆయన పరీక్ష చేసే పద్ధతి చూసి నాకు మన డీబగ్గింగు మీద గౌరవం తగ్గింది. ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత తీసి అరచెయ్యి అడ్డం పెట్టాడు. గుప్పుగుప్పుమని గాలి కొట్టింది. "బ్యాక్ కంప్రెషన్ హై" అన్నాడు. అంటే పిస్టన్ రింగులు అరిగిపోయి, పైన మండాల్సిన గ్యాసు సందుల్లోంచి కిందికి జారి ఆయిలు గదిలోకి వస్తోందన్నమాట. తర్వాత పొగ చూశాడు. నల్లగా వస్తే డీజిల్ ఎక్కువ పోతోంది, లేదా గాలి చాలట్లేదు. నీలంగా వస్తే ఆయిలు మండుతోంది. తెల్లగా వచ్చి పోకుండా ఉంటే మండని డీజిలో, లోపలికి నీళ్ళో. మాది నలుపూ నీలమూ రెండూ కలిపి కొట్టింది. ఒక స్కానర్ లేదు, ఒక లాగ్ ఫైలు లేదు. "ఇంజన్ మే జాన్ హై సాబ్, కామ్ తో కరనాచ్ పడ్తా" అని తేల్చేశాడు. అరచెయ్యీ, చెవీ, ముక్కూ కలిసి ఇచ్చిన రిపోర్టు అది. విప్పి చూస్తే అక్షరం పొల్లు పోలేదు.

ఇంజను పని నలభై రెండు వేలు. డీజిల్ పంపూ నాజిళ్ళూ విప్పి వేరే చోటికి పంపితే వాళ్ళు బెంచి మీద పెట్టి సరిచేసి ఇచ్చారు, పదహారు వేలు. బ్రేకులూ, క్లచ్చూ ఇరవై ఒకటి. వైరింగు మొత్తం కొత్తది, సెల్ఫ్, బ్యాటరీ కలిపి పంతొమ్మిది. టైర్లు ఇరవై నాలుగు, సీటు ఆరు. అన్నిటికన్నా ఎక్కువ తిన్నది రేకు పని, యాభై ఐదు వేలు. మొత్తం లక్షా ఎనభై మూడు వేలు అయింది. బండి ఖరీదుకి రెట్టింపు కన్నా ఎక్కువ. డబ్బు ఆదా చేద్దామని పాత బండి కొనేవాళ్ళెవరైనా ఉంటే ఇక్కడితో చదవడం ఆపెయ్యొచ్చు.

రేకు పని గురించి కొంచెం చెప్పాలి. పాత బండి మీద మెరిసే పెయింటు కనబడితే సంతోషించకండి. జేబులో ఒక చిన్న అయస్కాంతం వేసుకెళ్ళండి. తలుపు కింద అంచులకీ, చక్రాల పైనా ఆనించండి. అతుక్కోలేదంటే అక్కడ రేకు లేదు, లప్పమే ఉంది. మా బండి తొట్టి అడుగున తుప్పు ఎంత తినేసిందంటే, టింకరింగ్ చేసే పెద్దాయన సుత్తితో ఊరికే తడితే ముక్క ఊడి కింద పడింది. ఆయన కొత్త రేకు కోసి, వంచి, సుత్తీ చేతిదిమ్మే పట్టుకుని రెండు వారాలు కూర్చున్నాడు. ఆ వంపు పాత వంపుతో కలిసిన చోట నేను వేలు పెట్టి చూశాను, అతుకు తెలియలేదు. వయసు అరవై పైనే ఉంటుంది. మీ తర్వాత ఈ పని ఎవరు చేస్తారు అని అడిగితే నవ్వి, కొడుకు ఫుడ్ డెలివరీ చేస్తాడని చెప్పాడు.

మరమ్మతు పుస్తకం కోసం అబిడ్స్ ఆదివారం సంతలో మూడు వారాలు తిరిగాను. జీఆర్‌ఈ పుస్తకాలూ, జావా పుస్తకాలూ, ఎవరో "ప్రేమతో" అని సంతకం పెట్టి ఇచ్చిన నవలలూ దాటుకుంటూ వెళితే, మూడో వారం పేవ్‌మెంట్ మీద నూనె మరకలతో ఒక సుమో సర్వీసు మాన్యువల్ దొరికింది. వందన్నాడు, డెబ్బైకి ఇచ్చాడు. ఏ బోల్టుని ఎంత బిగించాలో అందులో అంకెలతో ఉంది. ఉస్తాద్‌కి చూపిస్తే అటూ ఇటూ తిప్పి, ఆయన చేత్తో బిగించిందాన్ని టార్క్ రెంచితో కొలవమన్నాడు. నాలుగింట మూడు ఆ హద్దుల్లోనే ఉన్నాయి. నాలుగోది మళ్ళీ బిగించాడు, నాకేసి చూడకుండా.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ప్రభుత్వం దృష్టిలో ఈ బండి చేసిన నేరం ఒక్కటే. దానికి వయసొచ్చింది.

2021 ఆగస్టులో తుక్కు విధానం వచ్చింది. 2022 ఏప్రిల్ నించి పదిహేనేళ్ళు దాటిన కారు రిజిస్ట్రేషన్ తిరిగి చేయించుకోవాలంటే 600 ఉన్న ఫీజు 5,000 అయింది. లారీల ఫిట్‌నెస్ 1,500 నించి 12,500. 2025 ఆగస్టులో ఇరవై దాటిన కారుకి 10,000 చేశారు. అదే ఏడు నవంబరులో ఇరవై ఏళ్ళు దాటిన పెద్ద లారీ ఫిట్‌నెస్ ఫీజు 25,000కి వెళ్ళింది. ఈ పరీక్షలో బండి పాసైనా, ఫెయిలైనా ఫీజు మాత్రం వయసుని బట్టే. కొలిచే యంత్రం అదే, కొలిచే సమయం అదే. మరి ఈ తేడా దేనికి? బండి అమ్మెయ్యమని చెప్పడానికే కదా. ప్రభుత్వ బండ్లయితే 2023 ఏప్రిల్ నించి పదిహేను దాటితే ఎలా ఉన్నా తుక్కే. ఢిల్లీలో 2025 జూలై 1న పాత బండ్లకి బంకుల్లో డీజిలూ పెట్రోలూ పొయ్యడం ఆపారు. జనం గోల చేస్తే రెండు మూడు రోజుల్లో ఆ ఆపడాన్ని ఆపారు.

ఇంకో చివర చూడండి. అదే 2021 జూలైలో వింటేజ్ బండ్లకి ప్రత్యేకమైన నియమాలొచ్చాయి. యాభై ఏళ్ళు దాటాలి, సొంత వాడకానిదై ఉండాలి. ఇరవై వేలు కడితే పదేళ్ళకి రిజిస్ట్రేషనూ, 'వీఏ' అని ప్రత్యేకమైన నంబరూ ఇస్తారు. అప్పుడది మన ఘన వారసత్వం. నా బండికి ఆ గౌరవం రావాలంటే 2047 దాకా ఆగాలి, అప్పుడు కూడా పసుపు ప్లేటు కాబట్టి రాకపోవచ్చు. పదిహేనుకీ యాభైకీ మధ్య ముప్పై ఐదేళ్ళు దీన్ని ఎక్కడ దాచిపెట్టమంటారు? కోటీశ్వరుల గ్యారేజీల్లో ఉన్న రోల్స్‌రాయిస్‌లు ఆ గండం దాటేస్తాయి. సరుకు తోలిన టాటామొబైల్ ఎలా దాటుతుంది? జర్మనీలో ముప్పై ఏళ్ళు దాటి అసలు రూపంలో ఉన్న బండికి నంబరు చివర 'హెచ్' అక్షరం ఇచ్చి గౌరవిస్తారు. అమెరికాలో పాతికేళ్ళు దాటిన విదేశీ బండికి అక్కడి భద్రతా నియమాల నించి మినహాయింపు ఉంది. అందుకే జపాన్ రైతులు వాడి వదిలేసిన బుల్లి ట్రక్కుల్ని అక్కడివాళ్ళు ఎగబడి దిగుమతి చేసుకుంటున్నారు. పాతికేళ్ళు నిండితే వాళ్ళకి తలుపు తెరుచుకుంటుంది, మనకి మూసుకుంటుంది.

మన భాషలో చెప్తాను. ఎవరో 2004లో రాసి అమెరికా వెళ్ళిపోయిన స్టోర్డ్ ప్రొసీజరు మీద ఇవాళ్టికీ కోట్ల లావాదేవీలు నడుస్తున్న బ్యాంకుల్ని మనందరం చూశాం. "పదిహేనేళ్ళు దాటింది కాబట్టి తీసేద్దాం" అని మీటింగులో ఎవరైనా అంటే మేనేజరు ఊరుకుంటాడా? టెస్టులు పాసవుతున్నాయా లేదా అని అడుగుతాడు. బండినీ అదే అడగండి. ఆటోమేటిక్ పరీక్షా కేంద్రాలు పెడుతున్నారు, మంచిదే. బ్రేకు ఎంత పడుతోందో రోలర్ల మీద కొలవండి, పొగ కొలవండి, ఫెయిలైతే నిర్దాక్షిణ్యంగా రోడ్డు మీంచి తీసెయ్యండి. నేను మొదటి వరసలో నిలబడతాను.

పొగ సంగతి దాటెయ్యడం న్యాయం కాదు. 1997 బండి అంటే భారత్ స్టేజ్ ప్రమాణాలకి ముందుది. డీజిల్ పొగ చిక్కదనం 65 యూనిట్లు దాటకపోతే దీనికి సర్టిఫికెట్ ఇచ్చేస్తారు. పంపు సరిచేయించాక నాది అందులో సగానికి దిగింది. అయినా బీఎస్-6 బండితో పోలిస్తే ఇది మురికిదే, అందులో వాదన లేదు. రోజూ ఆఫీసుకి ఒక్కడూ ఇలాంటి దానిలో వెళితే తప్పే. కాబట్టి నేను కోరేది మినహాయింపు కాదు. ఏడాదికి ఇన్ని కిలోమీటర్లే అని హద్దు పెట్టిన రిజిస్ట్రేషన్ ఒకటి తెండి. ఓడోమీటరుని ఎలాగూ ఫిట్‌నెస్‌లో చూస్తారు. ఏడాదికి మూడు వేల కిలోమీటర్లు తిరిగే పాత పికప్ ఒకటి, ముప్పై వేలు తిరిగే కొత్త ఎస్‌యూవీ ఒకటి. రెండోదాన్ని తయారుచెయ్యడానికి కరిగించిన ఇనుము లెక్కలోకి వేసుకుని మాట్లాడదాం.

నాకు బండి పోతుందన్న దిగులు తక్కువే. నేను జీతగాణ్ణి, ఫీజు కట్టగలను. ఆ సందులో పనిచేసేవాళ్ళ సంగతి వేరు. పంపులు సరిచేసేవాడూ, లేత్ మీద బుష్ తిప్పేవాడూ, రేకు వంచే ఆ పెద్దాయనా, వీళ్ళంతా బతికేది పదిహేనేళ్ళు దాటిన బండ్ల మీదే. కొత్త బండికి వీళ్ళతో పని లేదు, అది కంపెనీ షోరూముకి పోతుంది, అక్కడ పార్టు బాగుచెయ్యరు, మారుస్తారు. నాంపల్లికి పక్కనే మల్లేపల్లిలో ప్రభుత్వ ఐటీఐ ఉంది. 2024 జూన్‌లో అక్కడే రాష్ట్రంలోని 65 ఐటీఐలని టాటా టెక్నాలజీస్‌తో కలిసి ఆధునిక కేంద్రాలుగా మార్చే పనికి శంకుస్థాపన జరిగింది. రోబోటిక్సూ, ఎలక్ట్రిక్ బండ్లూ నేర్పుతారు, నేర్పాల్సిందే. కానీ కిలోమీటరు దూరంలో ఉన్న ఉస్తాద్ చేతిలోని విద్యని ఒక కెమెరా పెట్టి రికార్డు చేసుకుందామన్న ఆలోచన ఎవరికైనా వచ్చిందా? మన ప్రాజెక్టు వదిలి వెళ్ళేవాడి దగ్గర నెల రోజులు నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ పెట్టుకుంటాం కదా.

ఆ సందులన్నీ స్వర్గాలని కూడా నేను అనను. 2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో అపార్టుమెంటు కింద నిల్వచేసిన రసాయనాల డ్రమ్ములకి నిప్పంటుకుని కనీసం తొమ్మిది మంది చనిపోయారు. అక్కడ కారు రిపేరు చేస్తుండగా లేచిన నిప్పురవ్వే కారణమని అప్పుడు వార్తలొచ్చాయి. మా ఉస్తాద్ షెడ్డులో కూడా వెల్డింగుకీ థిన్నరు డబ్బాకీ మధ్య నాలుగడుగులే. పైన మనుషులు కాపురాలుంటారు. ఇలాంటివి ఇళ్ళ మధ్య ఉండకూడదనే వాదన నాకు పూర్తిగా సమ్మతం. కాకపోతే "ఊరవతలికి పొండి" అని నోటీసు అంటించడం ఒకటి, బస్సెక్కి చేరుకోగలిగే దూరంలో, అద్దె కట్టగలిగే షెడ్డు కట్టివ్వడం ఇంకొకటి. విజయవాడలో ఆటోనగర్ అని ఒకటి పెట్టి చోటిస్తే అది దక్షిణాది లారీలన్నిటికీ పుట్టిల్లయింది. ఐటీ కంపెనీలకి ఎకరాలకెకరాలు చూపించడం తెలిసిన ఊరికి నాలుగు వందల గజాల షెడ్లు కట్టడం తెలీదా?

మధ్యలో రాష్ట్రం రెండైంది, నంబర్లు టీఎస్ అయ్యాయి, 2024 మార్చి నించి టీజీ అయ్యాయి, నా బండి మాత్రం ఇంకా ఏపీ 9 లోనే ఉంది. ఫిట్‌నెస్ ఇంకో ఏడు నెలలుంది. ఆ లోపల వెనక కమాన్ కట్టలు మార్చాలి, బరువు వేస్తే ఎడమ పక్కకి వాలుతోంది. ఉస్తాద్ ఇక్కడే చేయిద్దామంటున్నాడు. ఆటోనగర్‌లో ఒకాయన ఫోన్లో చెప్పిన రేటు మూడు వేలు తక్కువ. బెజవాడ దాకా పోయి రావడానికి డీజిలే అంతకన్నా ఎక్కువవుతుందని నాకూ తెలుసు, అయినా వెళ్ళాలనుంది.